గుట్ట మీద మేకలు వద్దన్న పూలు

పోయిన ఆదివారం రాత్రి పిన్నీసు పట్టుకుని కూర్చొని నా చెప్పుల అడుగు నుంచి పల్లేరు కాయలు పీకినా. పందొమ్మిది. లెక్కపెట్టినా కాబట్టి కచ్చితంగా చెప్తున్నా. పల్లేరు కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు రెండు పెద్ద ముళ్లు, ఇంకో రెండు చిన్నవి, అది ఎట్లా పడినా ఏదో ఒక ముల్లు మాత్రం పైకి చూస్తూనే ఉంటుంది. గుట్టకు పోయి ఏం తెచ్చినావ్ అని మా ఆయన అడిగితే అవే చేతిలో పోసినా.

కానీ మూడు వారాల కింద అదే చోట అదే తీగ పూలతో ఉన్నింది. నేల మీద పరిచినట్టు పాకి, ఐదు రెక్కల పసుప్పచ్చ పూలు, రూపాయి బిళ్ల కన్నా చిన్నవి, బీడంతా అవే. పొద్దున ఎనిమిదికి పోతే ఉంటాయి, ఎండ బాగా ఎక్కినాక పోతే ఏం ఉండదు, ఎర్రమట్టి, గులకరాళ్లు, అంతే. ఆయుర్వేదం షాపుల్లో డబ్బాల మీద గోక్షురాది అని రాసుంటుంది చూడండి, ఆ గోక్షురం ఈ పల్లేరే. మనం డబ్బాలో కొనుక్కుంటాం, ఊర్లో చెప్పుల్లోంచి పీకి పారేస్తాం.

అసలు కథ ఏందంటే, నేను అనంతపురంలో బ్యాంకులో పని చేస్తా, మా అమ్మ ఊరు ధర్మవరం దాటినాక లోపలికి. అమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువైందని ఈ రెండు నెలలుగా ప్రతి ఆదివారం పోతున్నా. పోయి చేసేదేమీ లేదు, వంట అమ్మే చేస్తుంది, నన్ను వంటింట్లోకి రానీదు. అందుకని పొద్దున్నే మా మామ మేకల వెంబడి గుట్టకు పోవడం మొదలుపెట్టినా. మామ అంటే అమ్మకు పెద్దనాన్న కొడుకు, డెబ్బైకి దగ్గర పడినాడు, నలభై మేకలు, ఒక కర్ర, ఒక చిన్న ఫోను. నా దగ్గర పెద్ద ఫోను, దాంట్లో మొక్కల పేర్లు చెప్పే యాప్. ఇద్దరికీ పోటీ పెట్టినా మనసులో. యాప్ ఎట్లా ఓడిపోయిందో ముందు ముందు చెప్తా.

మా జిల్లా సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. ఏడాదికి మాకు పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే కురిసేసి మా దాకా ఖాళీ చేతులతో వస్తాయి, ఈశాన్యం వాన సముద్రం ఒడ్డునున్నోళ్లకే పోతుంది, మిగిలింది మాకు. ఆ కాస్త వానలో ఎక్కువ భాగం ఆగస్టు నుంచి అక్టోబరు లోపల పడిపోవాలి. శెనక్కాయ చేనైనా, గుట్ట మీద పూవైనా ఆ రెండు మూడు నెలల్లోనే మొలిచి, పూసి, కాయలు కాసి, గింజ రాల్చి పని ముగించుకోవాలి. అందుకే మా దగ్గర పూలు తొందరలో ఉంటాయి. డిసెంబరులో వచ్చి "మీ ఊర్లో రాళ్లు తప్ప ఏమున్నాయి" అనే చుట్టాలతో నాకు గొడవ ఎందుకంటే వాళ్లు వచ్చే టైమే తప్పు.

మొదటి ఆదివారం నేను ఫోటోలు తీసింది మొత్తం తంగేడు. ఎవరైనా అదే తీస్తారు, గుట్ట కింద నుంచి రోడ్డు దాకా పసుపు పోసినట్టు ఉంటే ఇంకేం తీస్తారు. రెండోది బందారు, ఎర్రగా గులాబీ రంగులో గుత్తులు గుత్తులుగా. ఆ గుత్తులు పూలనుకొని ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసినా. అవి కాయలు. బందారు పూవుకు అసలు రెక్కలే ఉండవు, గాలికి పుప్పొడి పోతుంది కాబట్టి తేనెటీగను పిలిచే పని దానికి లేదు, కాయకేమో మూడు రెక్కలు, అదీ గాల్లో ఎగిరి పోవడానికి. ఇవన్నీ ఇంటికొచ్చి చదువుకున్నవి. మామ అయితే ఒక్క ఆకు తుంచి నా వేళ్లకు రుద్దినాడు, బంక బంకగా అంటుకుంది. "దీన్ని యాది తింటాది పాపా" అన్నాడు.

అప్పుడే ఆ మాటన్నాడు. నేను ఫోను చూపించి, ఎంత బాగా వచ్చినాయో చూడు మామా అంటే, కళ్లు చికిలించి చూసి,

"నువ్వు పటం పట్టిందంతా నా మేకలు వద్దన్నవే."

నవ్వేసి ఊరుకున్నా గానీ రాత్రి బస్సులో అదే తిరిగింది బుర్రలో. నిజమే కదా. తంగేడును మేక ముట్టదు. బందారును ముట్టదు. జిల్లేడు ముట్టదు, పాలు కారుతాయి. ఉమ్మెత్త దగ్గరికే పోదు. దూరం నుంచి చూస్తే గుట్ట నిండా కనబడేవి ఇవే. అంటే నేను ఇన్నేళ్లుగా మా గుట్ట అందం అనుకున్నది మేకలు తిని తిని మిగిల్చిన ఎంగిలి. ఎంగిలి కూడా కాదు, నోట్లో పెట్టుకోకుండానే పక్కకు నెట్టేసింది. తంగేడును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, దాని బెరడు లేకపోతే ఒకప్పుడు మన దక్షిణాది తోళ్ల వ్యాపారమే లేదు, తోలు పదును చేయడానికి అదే వాడేవాళ్లు. తెలంగాణవాళ్లు దాన్ని రాష్ట్ర పుష్పం కూడా చేసుకున్నారు. మనకు 2018లో మల్లె ఇచ్చినారు. మల్లె మంచిదే, తల్లో పెట్టుకుంటాం, కానీ మా గుట్ట మీద ఒక్క మల్లె పొద చూపించమనండి.

అయితే మేకలు తినేవి యాడున్నాయి? అదే అడిగినా రెండో వారం. మామ కర్రతో ఒక కలివి పొదను చూపించినాడు. "లోపల చూడు."

కలివి అంటే కోస్తావాళ్ల వాక్కాయకు చిన్న చెల్లెలు అనుకోండి. రెండుగా చీలిన ముళ్లు, తుంచితే పాలు, వేసవిలో నక్షత్రాల్లాంటి తెల్ల పూలు, భలే వాసన, తర్వాత నల్లటి పండ్లు. చిన్నప్పుడు ఆ పండ్లు తిని నోరంతా జిగురు చేసుకోని పిల్లలు మా ఊర్లో లేరు. కానీ పొద లోపలికి ఎప్పుడూ చూడలేదు, ఎందుకు చూస్తాం, పండ్లు పైనే ఉంటాయి. మోకాళ్ల మీద కూర్చొని, చున్నీ ముళ్లకు చిక్కి చినిగి, తల లోపల పెట్టి చూస్తే అక్కడ ఒక తోట ఉంది. అబద్ధం కాదు. దూసరి తీగ ఒకటి కింది నుంచి పైకి పోతోంది, దాని ఆకు రసం నీళ్లలో పిండి పెడితే గడ్డ కట్టి జెల్లీ అవుతుంది, చిన్నప్పుడు కొబ్బరి చిప్పల్లో చేసి అంగడి ఆట ఆడుకున్నాం. పిల్లిపీచర తీగ, అంటే శతావరి, సన్నటి సూదుల్లాంటి ఆకులు, చిన్న చిన్న తెల్ల పూలు పొడి చల్లినట్టు. నీలం రంగులో శనగ గింజంత పూలతో విష్ణుక్రాంతం పొద అంచున.

ఆ విష్ణుక్రాంతం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయినా. ప్రతి వినాయక చవితికి మా నాయన పుస్తకం పట్టుకొని "విష్ణుక్రాంతపత్రం పూజయామి" అని చదివితే మేము బజారులో కొన్న పత్రి కట్టలోంచి చేతికి ఏ ఆకు వస్తే అది వేసేసేవాళ్లం. నలభై ఏళ్లు వేసినాం. ఏ ఒక్క ఏడాదీ అసలు విష్ణుక్రాంతం దేవుడి మీద పడి ఉండదని నా అనుమానం. అది ఊరికి కిలోమీటరు దూరంలో, కాలి కింద ఉంది. పూవు చూడాలంటే మాత్రం పొద్దున్నే పోవాలి, మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది.

ఉత్తరేణిని కూడా చూపించబోయినాడు గానీ అది నాకు తెలుసు మామా, చీర కుచ్చిళ్లకు అంటుకొని ఇంటికే వస్తుంది అన్నా.

ఇక కుందేటి కొమ్ములు. దీని కోసమైనా ఈ పోస్టు రాయాలి. పొద మొదట్లో, నీడలో, నాలుగు పలకలుగా, వేలంత లావు, ఆకుల్లేని పచ్చటి కాడలు నిలబడి ఉంటాయి, కుందేలు చెవులు అంటే సరిపోయేది, కొమ్ములు అన్నారు ఎందుకో. కుందేటి కొమ్ము అంటే లేనిదానికి చెప్పే మాట కదా, భర్తృహరి ఇసుకలో తైలం తీయొచ్చు, కుందేటి కొమ్ము సాధించొచ్చు అంటాడని బడిలో నేర్చుకుంటాం, మా గుట్టకొస్తే ఆ సాధించడం కూడా కష్టం కాదు, వంగి తెంపుకోవడమే. యాప్ దీన్ని చూసి కాక్టస్ అంది. కాదు. కాక్టస్‌లు దాదాపు అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవి, ఇది జిల్లేడు కుటుంబం, ఇక్కడిదే. ఒకటి మామకు, సున్నా యాప్‌కు.

పూవు చూస్తే చాలా బాగుంటుంది, వంకాయ రంగు, గోధుమ రంగు చారలు, ముక్కు దగ్గర పెట్టుకున్నామా అయిపోయినాం. కుళ్లిన మాంసం వాసన. తేనెటీగలను కాదు, ఈగలను పిలుచుకుంటుంది, ఈగలే పుప్పొడి మోస్తాయి. నేను ముఖం తిప్పుకుంటే మామ పడీ పడీ నవ్వినాడు. కాడను మాత్రం తింటారు. మా అవ్వ చింతపండు, ఎండుమిరపకాయలు వేసి నూరేది, పచ్చిది అయితే ఉప్పు అద్దుకొని కొరుక్కోవడమే, కొంచెం పులుపు, కొంచెం చేదు. మేకలు కాసేవాళ్లు సంగటి మూట అయిపోయినాక మధ్యాహ్నం ఇది నములుతారు, ఆకలి కాదంట. ఇదే జాతి మొక్క సారం తీసి మాత్రలు చేసి బరువు తగ్గాలనుకునేవాళ్లకు విదేశాల్లో అమ్ముతారు. అన్నం లేక ఆకలి చంపుకోవడానికి మా తాతలు నమిలింది, అన్నం ఎక్కువై ఆకలి చంపుకోవడానికి వాళ్లు డబ్బులు పెట్టి మింగుతున్నారు. మామకు ఈ సంగతి చెప్తే "మాత్ర ఎంతంట?" అన్నాడు. చెప్పినా. కాసేపు మేకల వైపు చూస్తూ ఉండిపోయినాడు.

మేకలు దీన్ని భలే తింటాయి. బయట మొలిస్తే పూట కూడా మిగలదు. అందుకే పొద లోపల. పక్షి కలివి పండు తిని ఇంకో పొద మీద కూర్చుంటే అక్కడ రెట్టలో గింజ పడుతుంది, ఎండకు నేల మాడదు, మేక మూతి లోపలికి పోదు, రాలిన ఆకు కుళ్లి కొంచెం తేమ. అట్లా ఒక్కో పొద ఒక్కో పెట్టె. మేక వద్దన్నవి బయట, మేకకు కావాల్సినవి ముళ్ల మధ్యలో. ఇది ఒకసారి అర్థమైనాక గుట్ట ఇంకోలా కనబడుతుంది, నేనైతే ఇప్పుడు తంగేడు పక్కన ఆగడమే లేదు, పాపం.

పొదలో బతికేవి మొక్కలే కాదు. కడప వైపు కలివికోడి కథ తెలిసిందే. 1900 తర్వాత ఆ పిట్టను చూసినట్టు రికార్డు లేదు, అంతరించిపోయిందనే రాసుకున్నారు, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదంటారు దాన్ని. ఇంగ్లీషులో ఒక దొర పేరు పెట్టినారు, ఊర్లోవాళ్లు ఎప్పటి నుంచో కలివికోడి అంటున్నారు, కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి. పేరులోనే అడ్రసు ఉంది, ఎనభై ఏళ్లు ఎట్లా పోగొట్టుకున్నారో మరి. రాత్రి పూట తిరిగే పిట్ట, సరే, కొంచెం కష్టమే. లంకమల అభయారణ్యం ఉందంటే దాని పుణ్యమే. ఆ పిట్టకు దట్టమైన అడవి పనికిరాదు, పొదకూ పొదకూ మధ్య ఖాళీ నేల ఉండాలి పరుగెత్తడానికి. అంటే మనం చూసి "ఛీ, పనికిరాని బీడు" అనే నేలే దానికి ఇల్లు.

అడవి మొక్కలు అంటే మావాళ్లు శేషాచలం వైపు చూపిస్తారు, ఎర్రచందనం, ఆ కొండల్లో తప్ప పెరగని పేరిత అనే సైకాస్ మొక్క, 2010లో బయోస్ఫియర్ రిజర్వ్ కూడా అయింది. గొప్పదే. కానీ మా గుట్టను ఎవరూ రిజర్వ్ చేయరు, కాగితాల్లో అది బంజరు.

ఇప్పుడు నాకు తలకాయ నొప్పి తెచ్చిన భాగం. ఏది మనది, ఏది కాదు అని లిస్టు రాసుకోవడం మొదలుపెట్టినా. వయ్యారిభామ బయటి నుంచి వచ్చిందని అందరికీ తెలుసు, సర్కారు తుమ్మ కూడా తెలుసు, పేరులోనే సర్కారు ఉంది. నాగజెముడు అమెరికా ఖండానిది అంటే కొంచెం బాధ అనిపించింది, పేరు అంత పాతగా ఉంటే. మనది బొమ్మజెముడు, అది వేరే జాతి. బ్రహ్మదండి, పసుపు పూలు, ముళ్ల ఆకులు, పేరు వింటే పురాణాల్లోంచి ఊడిపడినట్టు ఉంది, అది మెక్సికో. బిళ్లగన్నేరు మడగాస్కర్. సీతాఫలం, సీతమ్మ పేరు పెట్టుకొని మా గుట్టల నిండా తనంతట తానే మొలుస్తుందే, అదీ అమెరికా వైపుదే. ఆఖరికి గాయపాకు! గడ్డి చామంతి అంటారు కొందరు. మోకాలు చెక్కుకుపోతే ఆకు నలిపి రసం పిండేవాళ్లు, సుర్రుమనేది, మా బాల్యం మొత్తం ఆ ఆకు వాసనే. మధ్య అమెరికా నుంచి వచ్చిందంట.

మామతో చెప్పినా, ఇది మనది కాదంట మామా అని.

"ఎప్పుడొచ్చిందో నువ్వు చూసినావా?"

"లేదు."

"నేనూ చూళ్లేదు. రక్తం ఆగుతాది కదా. ఉండనీ."

ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు. కానీ సర్కారు తుమ్మ విషయంలో మామ కూడా ఉండనీ అనడు. వంక పొడుగునా అది పట్టేసింది, కాయలు మేకలు తింటాయి, గింజలు పెంటికలతో గుట్ట అంతా చల్లుతాయి, దాని కింద కలివి లేదు, పరికి లేదు, తీగ లేదు, ఏమీ లేదు. రెండింటికీ ముళ్లే. ఒకటి లోపల తోట పెంచుతుంది, ఇంకోటి తను తప్ప ఎవరూ ఉండకూడదంటుంది. బొగ్గుకు, పొయ్యిలోకి పనికొస్తుందని కొట్టుకుంటారు, కొట్టిన కొద్దీ చిగురిస్తుంది.

పోయిన ఏడాది గుట్టకు తూర్పు వైపు జేసీబీ వచ్చిందంట. మొక్కలు నాటే కార్యక్రమం. నాటాలంటే ముందు "కంపలు" తీసేయాలి కదా, ఏది కలివి ఏది సర్కారు తుమ్మ అని జేసీబీకి తెలీదు, నడిపించినవాళ్లకు తెలుసుకునే ఓపిక లేదు. చదును చేసి, గుంతలు తీసి, నర్సరీ మొక్కలు పెట్టి, ఫోటోలు దిగి పోయినారు. ఇప్పుడు ఆ వైపు పోతే గుంతలు ఉన్నాయి, గుంతల్లో ఎండిన పుల్లలు ఉన్నాయి, చుట్టూ వయ్యారిభామ ఉంది. నేను ఆ ఫోటో తీయలేదు. మామ ఏమన్నాడంటే, "పచ్చగా ఉన్నిందాన్ని పీకి పచ్చదనం పెట్టినారు." అంతకు మించి తిట్టలేదు, ఆయన తిట్టే రకం కాదు, తిట్టే రకమైన నేను ఇక్కడ రాసుకుంటున్నా.

దీనికి సరిగ్గా తిరగేసిన పని మాకు దగ్గర్లోనే జరిగింది. చెన్నేకొత్తపల్లి పక్కన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో 32 ఎకరాల ఒట్టి ఎండు నేల తీసుకున్నారు. మంట పడకుండా, మేపుకు పోకుండా కాపాడినారు, నీళ్లు ఆగేట్టు చూసినారు, నేల తనలో దాచుకున్న వేర్లు, గింజలు మెల్లగా లేచినాయి. తర్వాత పక్క ఊర్లవాళ్లతో కలిసి కల్పవల్లి అని వేల ఎకరాల గుట్టలను అట్లాగే కాపాడినారు, అక్కడ బోద గడ్డి నడుముల దాకా పెరుగుతుంది, ఇండ్ల పైకప్పులకు కోసుకుపోతారు. మధ్యలో గాలిమరలు వచ్చినాయి, వాటి కోసం రోడ్లు, ఆ గొడవ కోర్టు దాకా పోయింది. అది వేరే పోస్టు.

మామ మేకలను ఆపమని నేను చెప్పలేను. ఆయన బతుకు అది. చెప్తే "మరి నా మేకలు నీ బ్యాంకులో మేపాల్నా" అంటాడు, అనే ఉంటాడు కూడా, గుర్తు లేదు. అసలు గుట్ట మీద ఏ పొదలో ఏముందో తెలిసింది కూడా ఆయన మేకలు కాబట్టే. మేక తల ఎటు తిరిగితే అటు ఏదో తినేది ఉన్నట్టు, యాభై ఏళ్లుగా ఆయన ఆ తలల వెంబడి నడిచినాడు.

రాయకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి. వెంపలి ఉంది, వంగపండు రంగు పూలు, మోకాలెత్తు దాటదు, కలికాలం ముదిరితే మనుషులు ఎంత పొట్టివాళ్లవుతారంటే వెంపలి చెట్టుకు నిచ్చెన వేసి ఎక్కుతారంట, బ్రహ్మంగారు చెప్పినాడని మా అవ్వ భయపెట్టేది, నేను ఒక వెంపలి పక్కన నిలబడి ఫోటో దిగినా, ఇంకా టైం ఉంది మనకు. సంక్రాంతికి గొబ్బెమ్మల మీద తంగేడు పక్కన పెట్టే తెల్లటి పిండికూర పూలున్నాయి. గిలిగిచ్చ కాయలు గిలకల్లా మోగడం మొదలుపెట్టినాయి, అంటే అది అయిపోయినట్టే ఈ ఏటికి.

ఒక్క నాభి మాత్రం మిగిలింది. అడవినాభి, గడ్డ నుంచి కాయ దాకా అంతా విషమే, పిల్లలను దగ్గరికి పోనీరు. ఆకు కొసే వేలులా వంకర తిరిగి పొదను పట్టుకొని పైకి పాకుతుంది, పూవు తలకిందులుగా వేలాడి రెక్కలు మాత్రం పైకి లేచి మంటలా ఉంటాయి. మొదట పచ్చ, ఆ తర్వాత పసుపు, తర్వాత కాషాయం, చివరికి ఎర్రగా. నేను మూడుసార్లు పోయినా మూడుసార్లూ మొగ్గే. నిన్న రాత్రి పదింటికి మామ ఫోను. ఆయన పదింటికి మేలుకొని ఉండడమే వింత.

"వంక అవతల పెద్ద పరికి పొద ఉంది చూడు, దాని మీద నాభి విప్పింది. ఇంకా పసుప్పచ్చగానే ఉంది. ఆదివారం దాకా అంటే ఎర్రగా అయిపోతాది."

ఈ రోజు గురువారం. మేనేజరుకు మెసేజ్ పెట్టినా, అమ్మకు మోకాలు నొప్పి ఎక్కువైంది, రేపు సెలవు కావాలని. ఈసారి బూట్లు వేసుకొని పోతా.